బెదురు కుక్కను మాలిమి చేసుకోవడం ఎలా?

కుక్కర్ రెండో విజిల్ వేసేలోపే మీ కుక్క మంచం కిందికి చేరుతున్నా, కాలింగ్ బెల్ మోగగానే ముడుచుకుపోయి వణుకుతున్నా, అపార్ట్‌మెంటు గేటు దాటగానే నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి ఇక కదలనని మొరాయిస్తున్నా, దాన్ని పొగరని గాని మొండితనమని గాని అనుకోకండి. అది భయం. భయపడే కుక్కను ముందుకు తోస్తే ధైర్యం రాదు. వెనక్కి వెళ్లే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుందని నమ్మకం కుదిరాక, అది తనంతట తానే ముందుకు అడుగు వేస్తుంది. ఈ వ్యాసంలో చెప్పే అభ్యాసాలన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటాయి.

నేను ఈ సంగతి నేర్చుకున్నది రాగి దగ్గర. హైదరాబాద్ నల్లకుంటలో మేముండే వీధిలోనే దొరికిన దేశవాళీ ఆడకుక్క అది. ఒంటి రంగును బట్టి ఆ పేరు పెట్టాం. మా ఇంటికి వచ్చేనాటికి దానికి దాదాపు ఏడాది వయసు. కుక్కపిల్లలు కొత్త మనుషులను, కొత్త చప్పుళ్లను సులువుగా అలవాటు చేసుకునేది సుమారు 3 నుంచి 14 వారాల వయసులో. ఆ రోజుల్లో లిఫ్టు, మిక్సీ, హెల్మెట్ పెట్టుకున్న మనిషి వంటివేవీ ఎరగని కుక్క పెద్దయ్యాక వాటన్నిటినీ అనుమానంగానే చూస్తుంది. ఆ వయసు దాటిపోయిందని ఆశ వదులుకోనక్కరలేదు గాని, వారాల్లో అయ్యే పనికి నెలలు పడుతుందని ముందే ఒప్పుకోవాలి.

మొదట వైద్యుడికి చూపించండి

ఏ అభ్యాసమూ మొదలుపెట్టకముందే కుక్కను ఒకసారి పశువైద్యుడికి చూపించండి. కీళ్లనొప్పి, చెవిపోటు, పంటినొప్పి, తగ్గని దురద వంటివి కుక్కను చిరాకుగా, బెదురుగా మార్చేస్తాయి. ముఖ్యంగా, నిన్నటిదాకా హుషారుగా తిరిగిన కుక్క ఉన్నట్టుండి చప్పుళ్లకు ఉలిక్కిపడటం మొదలుపెడితే నొప్పిని అనుమానించాలి. ఉలిక్కిపడినప్పుడు ఒళ్లు బిగుసుకుంటుంది. అప్పటికే నొప్పిగా ఉన్న కీలు ఆ బిగువుకు మరింత బాధ పెడుతుంది. కుక్క ఆ బాధను చప్పుడుతో ముడిపెట్టి గుర్తుంచుకుంటుంది. మీకు తెలిసిన వైద్యుడు లేకపోతే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్లినా, మిగతా కుక్కల మధ్య హాల్లో కూర్చోబెట్టకుండా, బయట నీడలోనో కారులోనో ఉండి, మీ వంతు వచ్చాకే లోపలికి తీసుకువెళ్లండి.

వారం రోజులు చూస్తూ రాసుకోండి

మొదటి వారం ఏమీ నేర్పకండి. ఒక నోటు పుస్తకం తీసుకుని, కుక్క ఎప్పుడు, దేన్ని చూసి, ఎంత దూరంలో బెదిరిందో, మళ్లీ మామూలు కావడానికి ఎంతసేపు పట్టిందో రాయండి. తోక కాళ్ల మధ్యకు పోవడం, వణకడం, మూత్రం పోయడం వంటివి అందరికీ తెలిసిన గుర్తులే. వాటికి ముందే కనిపించే చిన్న గుర్తులను పట్టుకోవడమే అసలు పని. ఎదురుగా తిండి లేకపోయినా నాలుకతో ముక్కు తడుముకోవడం, నిద్ర వేళ కాకపోయినా ఆవులించడం, తల పక్కకు తిప్పి కంటి చివర తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, చెవులు వెనక్కి అణచడం, ఒంటి మీద తడి లేకపోయినా ఒళ్లు విదిలించుకోవడం, ఇష్టమైన తిండిని కూడా ముట్టకపోవడం, ఇవన్నీ కుక్క తన భాషలో ‘నాకు వద్దు’ అని చెప్పే మాటలు. వీటిని మనం పట్టించుకోకపోతే అది గొంతు పెంచుతుంది, అంటే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే ఆ హెచ్చరిక మానేసి, మరోసారి నేరుగా కరుస్తుంది. కాబట్టి గుర్రుమనే కుక్కను ఎప్పుడూ దండించకండి.

రాసుకోవడం వల్ల ఇంకో సంగతి బయటపడుతుంది. పొద్దున్నే చెత్త ఆటో మైకు, పది గంటలకు పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగు, మధ్యాహ్నం కొరియర్ అబ్బాయి బెల్లు, ఇలా విడివిడిగా తట్టుకోగలిగినవే ఒకే రోజున ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. సాయంత్రం పిల్లవాడి చేతిలోంచి స్టీలు గ్లాసు జారిపడితే కుక్క ఇల్లంతా పరుగులు తీస్తుంది. గ్లాసుకు ఇంత భయమేమిటని మనం ఆశ్చర్యపోతాం గాని, ఆ భయం పొద్దుటి నుంచి పోగవుతూ వచ్చింది. అలాంటి రోజున కొత్త పాఠాలేవీ పెట్టుకోకండి.

ఒక మూల దానిదిగా ఉండాలి

తలుపుకు, వంటింటికి దూరంగా, వెనక గోడ ఉన్న ఒక మూల చూసి అక్కడ దాని పక్క వేయండి. బల్ల కింద దుప్పటి పరిచి, పైనుంచి పాత చీర వేలాడదీసినా చాలు. ఆ చోటుకు ఒకే ఒక్క నియమం: కుక్క అందులో ఉన్నప్పుడు ఎవరూ చెయ్యి పెట్టరు, ఎవరూ బయటికి లాగరు, చుట్టాల పిల్లలు తొంగి చూడరు. మన ఇళ్లలో ఈ నియమం నిలబెట్టడం కుక్కకు నేర్పడం కంటే కష్టం. మా అత్తగారు ‘పాపం, ఒక్కటే అక్కడ కూర్చుంది’ అంటూ మొదటి పది రోజులూ దాన్ని పలకరించడానికి వంగుతూనే ఉండేవారు. చివరకు ఆమెకే భోజనం పెట్టే పని అప్పగించాం. గిన్నె పెట్టి వెనక్కి తిరిగి వచ్చేయడం అలవాటయ్యాక, నెలలోపే రాగి ఆమె కొంగు పట్టుకుని తిరగసాగింది.

భయపడిన కుక్కను దగ్గరికి తీసుకుంటే భయం ముదురుతుందని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. భయం కావాలని చేసే చేష్ట కాదు, కాబట్టి ఓదార్పు దానికి బహుమతి కాలేదు. మీ దగ్గరికి వచ్చి ఒరుసుకుంటే నెమ్మదిగా నిమరండి. మంచం కిందే ఉంటానంటే ఉండనివ్వండి.

తాయిలం

తాయిలం శనగగింజంత ఉంటే చాలు, కాని రోజూ గిన్నెలో దొరికేదై ఉండకూడదు. ఉప్పూ కారమూ వేయకుండా ఉడికించి ఎముక తీసేసిన కోడిమాంసం, ఉడికిన గుడ్డు, పనీర్, చిలగడదుంప ముక్కలు బాగా పనికొస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. అందువల్ల మన కూరలోంచి తీసిన ముక్కలు పెట్టకూడదు. రోజు మొత్తం తిండిలో తాయిలాలు పదో వంతు దాటకుండా చూసుకోండి.

చేతితో మొదలుపెట్టండి

మొదటి అభ్యాసం చాలా తేలిక. కుక్కకు నాలుగడుగుల దూరంలో, దానికి కొంచెం పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి. తాయిలాన్ని దాని వెనక్కి పడేలా విసరండి. అది వెనక్కి వెళ్లి తింటుంది, తిని మీ వైపు తిరుగుతుంది. మళ్లీ వెనక్కే విసరండి. తిండి చూపించి దగ్గరికి రప్పిస్తే కుక్క ఆకలికి దగ్గరికి వస్తుంది గాని, వచ్చాక తానెంత దగ్గరికి వచ్చిందో గమనించి బెంబేలెత్తుతుంది. వెనక్కి విసిరితే ప్రతిసారీ దూరం జరిగే వీలు ఉంటుంది, మళ్లీ దగ్గరికి రావడమన్నది దాని ఇష్టమవుతుంది.

ఇది కుదిరాక నిమరడం అలవాటు చేయండి. తల మీద నుంచి కాకుండా, గడ్డం కింద లేదా ఛాతీ పక్కన మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. కుక్క మీ వైపు జరిగినా, మూతితో చేతిని పొడిచినా మరో మూడు సెకన్లు నిమరండి. కదలకుండా నిలబడిపోయినా, మొహం తిప్పుకున్నా అక్కడితో ఆపేయండి. ఇంటికి వచ్చిన వాళ్లందరికీ ఈ మూడు సెకన్ల లెక్క నేర్పండి.

ఆ తర్వాత అరచేతిని దాని ముక్కుకు జానెడు దూరంలో చాపి ఊరుకోండి. వాసన చూడటానికి అది ముక్కు ఆనించగానే ‘భేష్’ అని, రెండో చేత్తో తాయిలం ఇవ్వండి. పది పదిహేను సార్లు అయ్యాక ‘టచ్’ అనే మాట జోడించండి. చూడటానికి ఇది పిల్లల ఆటలా ఉంటుంది గాని, రేపు రోడ్డు మీద ఎదురుగా బ్యాండు మేళం వచ్చినప్పుడు తాడు లాగకుండా కుక్కను వెనక్కి తిప్పడానికి మీ చేతిలో ఉండే ఆధారం ఇదే. ఏ అభ్యాసమైనా ఒకసారికి మూడు నాలుగు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు చాలు. కుక్క ఇంకా ఉత్సాహంగా ఉండగానే ఆపేయండి.

ముక్కుతో ఆటలు

బెదురు కుక్కకు ధైర్యం తెచ్చే ఆటల్లో నేను అన్నిటికంటే ముందు చెప్పేది వాసన పట్టి వెతికే ఆట. వెతుకుతున్నంత సేపూ కుక్క తల వంచి, తన పనిలో మునిగి, చుట్టూ కాపలా కాయడం మరచిపోతుంది. వెతికినది దొరికినప్పుడల్లా ‘నా వల్ల అయింది’ అన్న అనుభవం దానికి కలుగుతుంది. మొదట పది తాయిలాలు చాప మీద చల్లండి. తర్వాత పాత తువ్వాలు పరిచి, వాటిని మడతల్లో పెట్టి చుట్టేయండి. రెండో వారం మూడు అట్టపెట్టెలు మూతలు లేకుండా వరసగా పెట్టి, ఒకదానిలో తాయిలం వేయండి. పెట్టెకున్న స్టేపుల్ పిన్నులు, టేపు ముందే పీకేయడం మరవకండి.

పెట్టెలు తెలిసిన వస్తువులయ్యాక వాటిలోనే కొద్దికొద్దిగా కొత్తదనం చేర్చండి. అడుగున నలిపిన కాగితం వేయండి, మరోసారి కోడిగుడ్ల అట్ట పెట్టండి, ఇంకోసారి పెట్టెలో తల దూర్చగానే కొంచెం చప్పుడు చేసే ఖాళీ ప్లాస్టిక్ సీసా పెట్టండి. ఆ చప్పుడు కుక్క తాను చేసిందే, ఆపడమూ దాని చేతిలోనే ఉంది. బయటి నుంచి వచ్చి మీద పడే చప్పుడుకూ దీనికీ ఉన్న తేడా అదే. రాగి మొదటిసారి సీసా దొర్లగానే మూడడుగులు వెనక్కి గెంతి, నిమిషంపాటు మెడ చాపి చూసి, తిరిగి వచ్చి, ఒక్క గోరుతో సీసాను మెల్లగా కదిపి, మళ్లీ గెంతి, మూడోసారి ఏకంగా మూతి పెట్టి దాన్ని అవతలికి తోసేసింది. ఆ నిమిషం సేపు నేను మాట్లాడకుండా ఉండటమే దానికి నేను చేసిన సహాయం.

తాడు లాగుడు ఆట గురించి ఒక అపోహ ఉంది. కుక్కను గెలవనిస్తే అది మన నెత్తికెక్కుతుందట. తోడేళ్ల గుంపులో ‘ఆల్ఫా’ అనే పెత్తనదారు ఉంటాడన్న పాత భావనలోంచి పుట్టిన మాట ఇది. ఆ మాట ప్రచారంలోకి రావడానికి ఒక కారణమైన శాస్త్రవేత్త డేవిడ్ మెచ్ తానే అది సరికాదని తర్వాత రాశాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే సాధారణంగా తల్లీతండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబం. బెదురు కుక్కను పదిలో ఏడెనిమిదిసార్లు గెలవనివ్వండి. పాత కాటన్ చీర జడలా అల్లితే మంచి తాడవుతుంది. దాన్ని కుక్క మొహం మీద ఊపకుండా, నేల మీద పాములా దూరంగా జరుపుతూ ఆడించండి. మధ్యమధ్య మీరు తాడు వదిలేసి ఊరికే నిలబడండి. కుక్క తిరిగి తెచ్చి మీ చేతికి అందిస్తే ఆట దానికి నచ్చినట్టు.

చప్పుళ్లు: కుక్కర్ ఉదాహరణ

మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటే, కుక్క చెవి సుమారు 45,000 దాకా వింటుంది. మనకు మామూలుగా అనిపించే విజిల్ దానికి ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి. ముందు విజిల్‌ను ఫోన్‌లో రికార్డు చేసి, కుక్క చెవి కదిపి ఊరుకునేంత సన్నని స్థాయిలో వినిపించండి. చప్పుడు వచ్చిన వెంటనే, ఒకటి రెండు సెకన్లలోపే, తాయిలం ఇవ్వండి. ఈ వరస తారుమారు కాకూడదు. తాయిలం ముందు వచ్చి చప్పుడు తర్వాత వస్తే, కుక్క కొన్నాళ్లకు తాయిలాన్నే అనుమానిస్తుంది. తిండికి ముందు వచ్చే సూచనకే కుక్కకు నోరూరుతుందని గమనించినవాడు రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ (1904లో ఆయనకు నోబెల్ వచ్చింది మాత్రం జీర్ణక్రియ మీద చేసిన పనికి). మీరు ఇక్కడ చేస్తున్నది కూడా అదే, కాకపోతే నోరూరడానికి బదులు నెమ్మది కోసం.

అయిదారు రోజులు కుక్క చప్పుడు వినగానే మీ చేతివైపు చూస్తుంటే, అప్పుడు ఒక్క గీత ధ్వని పెంచండి. ఫోన్ స్పీకరు అసలు విజిల్ అంత కటువుగా ఉండదు కాబట్టి, నిజమైన కుక్కర్‌తో చేసేటప్పుడు మళ్లీ మొదటికి వచ్చి, వంటింటి తలుపు మూసి, కుక్కను ఇంట్లో ఆ చివరి గదిలో ఉంచి మొదలుపెట్టాలి. తాయిలం ముట్టలేదంటే మోతాదు మించిందని అర్థం. ధ్వని తగ్గించండి లేదా దూరం పెంచండి.

లిఫ్టు దగ్గర నేను చేసిన తప్పు

రాగి వచ్చిన మూడో వారంలో, ఆఫీసుకు ఆలస్యమవుతున్నదని, దాన్ని మెడపట్టీతో లిఫ్టులోకి లాగాను. తలుపు మూసుకుంది, అది మూత్రం పోసింది, ఆ తర్వాత నెల రోజులు లిఫ్టు దాకా కాదు, మా ఫ్లాటు గుమ్మం దాటడానికే ఒప్పుకోలేదు. ఒక శిక్షకుడు అప్పుడు నాకిచ్చిన సలహా గొలుసు గట్టిగా గుంజి ‘నో’ అనమని. అదీ రెండు రోజులు చేసి మరింత చెడగొట్టాను.

తర్వాత ఇలా చేశాం. మొదటి నాలుగు రోజులు గుమ్మంలోనే తాయిలాలు చల్లాం. తర్వాత వరండాలో, లిఫ్టుకు పదిహేను అడుగుల దూరంలో. లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక కోడిముక్క, మూసుకోగానే ఇంకేమీ లేదు. రెండో వారానికి లిఫ్టు ఎదురుగా కూర్చుంది. మా వాచ్‌మన్ తలుపు పట్టుకుని నిలబడితే, లోపల అంచున తాయిలం పెట్టాం. ముందుకాళ్లు మాత్రం లోపల పెట్టి, తీసుకుని, బయటికి వచ్చేది. మేం ఆపలేదు. ఒకరోజు నాలుగు కాళ్లూ లోపల పెట్టి, వెనక్కి తిరిగి తలుపు తెరిచే ఉందో లేదో చూసుకుని, తాపీగా తిన్నది. అప్పుడు కూడా తలుపు మూయలేదు. మరో వారానికి మూసి వెంటనే తెరిచాం, ఆ తర్వాతే ఒక అంతస్తు దిగాం.

వీధిలోకి

మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి, దానికి ఆరేడు అడుగుల తాడు కట్టండి. బెదురు కుక్కలు వెనక్కి గుంజుకుని పట్టీలోంచి తల తప్పించుకుని పారిపోతాయి, కాబట్టి హార్నెస్‌కూ పట్టీకీ కలిపి రెండు చోట్ల కట్టడం ఇంకా మేలు. ఎండాకాలంలో పొద్దున ఆరున్నరలోపే వెళ్లి రావాలి. మండే రోడ్డు మీద అరచేతి వెనకభాగం అయిదారు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనించలేవు.

వీధికుక్కలు మన నగరంలో ప్రతి సందులోనూ ఉంటాయి, ఒక్కో గుంపుకు ఒక్కో హద్దు. మీ నోటు పుస్తకంలో ఏ మలుపు ఎవరిదో రాసుకుని, మొదట్లో ఆ దారి తప్పించండి. దూరంగా కుక్క కనిపించి, మీ కుక్క ఇంకా తాయిలం తినగలుగుతున్న దూరమే మీ పాఠశాల; అక్కడ నిలబడి, అది చూసినప్పుడల్లా తాయిలం ఇచ్చి, ‘టచ్’ అని తిరిగి వచ్చేయండి. నడకలో ఎంత దూరం వెళ్లామన్నది ముఖ్యం కాదు. ఒకే చెట్టు మొదలు దగ్గర పది నిమిషాలు వాసన చూస్తానంటే చూడనివ్వండి. కొండాపూర్‌లో కుక్కల కోసమే నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) కట్టిన పార్కు ఉంది గాని, అపరిచిత కుక్కలు విడిచిపెట్టి తిరిగే చోటు బెదురు కుక్కకు మొదటి పాఠం కాదు. తెలిసినవారి నెమ్మదైన కుక్క ఒక్కదానితో, పక్కపక్కన నడుస్తూ మొదలుపెట్టండి.

పండుగలకు ముందే సిద్ధపడండి

దీపావళి వారం ముందు గుర్తొస్తే ఆలస్యమైనట్టే. చప్పుళ్ల అభ్యాసం రెండు మూడు నెలల ముందే మొదలుకావాలి. బోనాలు ఆషాఢంలో గోల్కొండలో మొదలై, లష్కర్ (సికింద్రాబాద్), ఆ తర్వాత లాల్‌దర్వాజ, ఇలా ఆదివారాల వరసలో సాగుతాయి కాబట్టి మీ ప్రాంతం తేదీ ముందే క్యాలెండరులో గుర్తుపెట్టుకోవచ్చు. గణపతి మండపం మీ సందులోనే పెడితే, నిమజ్జనం రోజుకు కుక్కను నగరం శివార్లలో ఉన్న బంధువుల ఇంటికి పంపడం చిన్నతనమేమీ కాదు. దీపావళి రాత్రి బాణసంచాకు 8 నుంచి 10 గంటల వరకే అనుమతి అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది గాని, మన వీధులు ఆ గడియారం చూసుకోవు. చీకటి పడకముందే నడిపించి తిండి పెట్టేయండి, కిటికీలు మూసి దుప్పట్లు కప్పండి, ఫ్యాను, కూలరు తిప్పి ఉంచండి, మెడపట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల కట్టండి. ఆ రాత్రి తలుపు తెరిచినప్పుడల్లా కుక్క తాడు ఎవరో ఒకరి చేతిలో ఉండాలి.

వణుకు, వాంతులు, గోడలు గీరుకోవడం దాకా వెళ్లే కుక్కకు మందులు అవసరం కావచ్చు. అవి పశువైద్యుడే రాయాలి, పండుగకు ముందు ఒక మామూలు రోజున వేసి చూసుకోవాలి. మగతగా పడుకోబెట్టే మందుకూ, భయాన్ని తగ్గించే మందుకూ తేడా ఉంది. ఒళ్లు కదలనీయకుండా భయం అలాగే ఉంచేవీ ఉన్నాయి కాబట్టి, రాసినది ఏ రకమో అడగండి. మనుషుల నిద్రమాత్రలు, నొప్పిమాత్రలు ఎంత చిన్న ముక్కైనా వేయకండి.

ఎంత జాగ్రత్తగా చేసినా వెనకడుగు పడే రోజులు వస్తాయి. అలాంటప్పుడు రెండు రోజులు పాఠాలన్నీ ఆపి, ఇంట్లో వెతుకులాట ఆటలు మాత్రం ఆడి, మూడో రోజు రెండు మెట్లు కిందినుంచి మళ్లీ మొదలుపెట్టండి. కరిచే దాకా వచ్చినా, రెండు మూడు నెలల్లో నోటు పుస్తకంలో ఏ మార్పూ కనిపించకపోయినా శిక్షకుణ్ణి పిలవండి. పిలిచే ముందు ‘కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు?’ అని అడిగి, గొలుసు గుంజడమో కరెంటు పట్టీయో జవాబుగా వస్తే ఆ మనిషిని వదిలేయండి.

రాగికిప్పుడు అయిదేళ్లు. కుక్కర్ మోగితే వంటింటి గుమ్మానికి వచ్చి నా చేతివైపు చూస్తుంది. లిఫ్టు దగ్గర మాత్రం ఇప్పటికీ రోజూ ఒకసారి నిలబడి ఆలోచిస్తుంది; ఎవరైనా పెద్ద సూట్‌కేసుతో లోపల ఉంటే తల పక్కకు తిప్పి మెట్ల వైపు నడుస్తుంది. ఆ రోజు మేమిద్దరం మెట్ల మీదుగానే దిగుతాం.